బొమ్మ ఎక్కడ చెడుతోంది? చవక ఎస్‌డీఆర్ డాంగిల్‌తో టీవీ సిగ్నల్ పరీక్ష

పర్లాకిమిడిలో మా ఇంట్లో రెండు టీవీలు. ముందుగదిలో కేబుల్, మేడ మీద గదిలో ఫ్రీ డిష్. అమ్మకు సీరియళ్లు కేబుల్లోనే కావాలి, నాన్న మేడెక్కి డీడీ ఒడియా, డీడీ సప్తగిరి రెండింట్లోనూ వార్తలు చూస్తారు. వాన పడితే ఒకటి పోతుంది, ఎండ ముదిరితే ఇంకొకటి. కేబుల్ కుర్రాడిని పిలిస్తే వైరు చివర కోసి, కొత్త పిన్ను వేసి, "ఇప్పుడు చూడండి మాస్టారూ" అని వెళ్లిపోతాడు. ఒక్కోసారి బాగవుతుంది. ఎందుకు బాగయిందో అతనికీ తెలియదు, మాకూ తెలియదు.

పాత దూరదర్శన్ రోజుల్లో, అంటే అనలాగ్ టీవీ రోజుల్లో, జబ్బు తెర మీదే కనిపించేది. సిగ్నల్ కొంచెం తగ్గితే కొంచెం చుక్కలు, బాగా తగ్గితే తెరంతా చీమలు. బొమ్మ పక్కన ఇంకో నీడ బొమ్మ పడితే ఎక్కడో గోడకో కొండకో తగిలి సిగ్నల్ రెండుసార్లు వస్తోందని అర్థమయ్యేది. డిజిటల్ అలా చెప్పదు. చివరి క్షణం దాకా అద్దంలా ఉంటుంది, తరవాత గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. మధ్యలో ఏం జరిగిందో చూడాలంటే సిగ్నల్‌నే చూడాలి. అందుకు కేబుల్ వాళ్లు వాడే మీటర్లు మనం కొనలేం. మూడు నాలుగు వేల రూపాయల ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చి సాఫ్ట్‌వేర్‌తో నడిపే రేడియో) ఒకటుంటే చాలా సంగతులు తెలుస్తాయి. ఏం తెలుస్తాయి, ఏం తెలియవు, ఎలా చూడాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

డాంగిల్ గురించి ముందే తెలుసుకోవలసింది

దీని గుండె రియల్‌టెక్ వారి ఆర్‌టీఎల్2832యూ చిప్పు. యూరప్‌లో డీవీబీ-టీ అనే, యాంటెనాతో పట్టే డిజిటల్ టీవీని కంప్యూటర్లో చూడటానికి చేసిన యూఎస్‌బీ పరికరంలో ఇది ఉండేది. బొమ్మగా మార్చకముందు ఉన్న ముడి సిగ్నల్‌ని కూడా ఇది కంప్యూటర్‌కు పంపగలదని 2012 ప్రాంతంలో కొందరు కనిపెట్టారు. అప్పటి నుంచి చవక రేడియో స్కానర్‌గా దీని రాత మారిపోయింది. మన దేశంలో దూరదర్శన్ ఎంచుకున్నది దాని తరవాతి రకం డీవీబీ-టీ2. ఆ భాష ఈ చిప్పుకి రాదు. కాబట్టి డబ్బా మీద "టీవీ ట్యూనర్" అని ఉన్నా, ఇక్కడ దానితో టీవీ చూడగలమని ఎవరూ కొనకండి.

ట్యూనర్ చిప్పు ఆర్820టీ2 లేదా ఆర్860 అయితే సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ వరకు వింటుంది. కానీ ఒకేసారి నికరంగా చూడగలిగేది 2.4 మెగాహెర్ట్జ్ మాత్రమే. కేబుల్లో కొన్ని చానెళ్లు కలిపి పంపే ఒక్కో మూటే 8 మెగాహెర్ట్జ్, డిష్‌లో ఒక ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం పంపే అలాంటి మూట) దాదాపు 40. అంటే తలుపు సందులోంచి పెళ్లి ఊరేగింపు చూడటమన్నమాట. ఏనుగు మొత్తం ఒకేసారి కనబడదు. సందుని అటూ ఇటూ జరుపుతూ ముక్కముక్కగా చూసి అతికించుకోవాలి. ఈ గైడ్‌లో మనం చేసేదంతా ఆ అతికింపే.

ఇంకో పరిమితి: లోపలి కొలత 8 బిట్లు. బలమైన సిగ్నల్‌కీ బలహీనమైనదానికీ మధ్య సుమారు 50 డెసిబెల్స్ (సిగ్నల్ బలాల తేడాకి కొలమానం) తేడా దాకానే దీనికి చూపు ఆనుతుంది. పక్కన గట్టిగా అరిచేవాడుంటే గొణిగేవాడి మాట దీనికి వినిపించదు.

కొనవలసినవి

డాంగిల్ కొనేటప్పుడు లోహపు డబ్బా, ఎస్ఎంఏ కనెక్టర్ (మరతో బిగించే చిన్న పిన్ను), లోపల టీసీఎక్స్‌ఓ ఉన్నది తీసుకోండి. టీసీఎక్స్‌ఓ అంటే వేడికి ఫ్రీక్వెన్సీ జారిపోకుండా చూసే స్ఫటికం. ప్లాస్టిక్ డబ్బా నీలం రకాలు చవకే, కానీ వైశాఖంలో మా మేడ మీద పది నిమిషాలకే వాటి లెక్క తప్పుతుంది.

దానితో పాటు ఎస్ఎంఏ నుంచి ఎఫ్ పిన్నుకి మార్చే అడాప్టర్, కేబుల్ వాళ్ల దగ్గర దొరికే 20 డెసిబెల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది), ఒక డీసీ బ్లాక్ (డీసీ కరెంటుని ఆపేది), ఒక వైపు మాత్రమే కరెంటు పాస్ అయ్యే స్ప్లిటర్ (సిగ్నల్‌ని రెండు వైర్లకి పంచేది), రెండు మీటర్ల ఆర్‌జీ-6 వైరు, మామూలు మల్టీమీటర్. డాంగిల్ 50 ఓమ్స్, టీవీ వైరు 75 ఓమ్స్ కదా అని కొందరు టెన్షన్ పడతారు. ఆ తేడాతో పోయేది డెసిబెల్‌లో అయిదో వంతు. వదిలేయండి.

సాఫ్ట్‌వేర్

విండోస్ అయితే జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో డ్రైవర్ మార్చాలి. డాంగిల్ గుచ్చి, జాడిగ్‌లో అన్ని డివైసులూ చూపించమని టిక్ పెట్టి, జాబితాలో "బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ జీరో" ఎంచుకుని విన్ యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కించాలి. పొరపాటున మౌస్‌నో కీబోర్డ్‌నో ఎంచుకుంటే అవి పనిచేయడం మానేస్తాయి, కాబట్టి నొక్కేముందు పేరు రెండుసార్లు చదవండి. తరవాత ఎస్‌డీఆర్ షార్ప్ గానీ, ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ గానీ వేసుకోండి. లినక్స్ అయితే పాత టీవీ డ్రైవర్ డాంగిల్‌ని ముందే పట్టుకుంటుంది. దాన్ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి రీస్టార్ట్ చేస్తే సరి.

ముక్కలు అతికించే పనికి ఆర్‌టీఎల్ పవర్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత మెట్టుతో చూడాలో చెబితే అదే సందు జరుపుకుంటూ వెళ్లి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలం ఉందో పట్టికగా రాసిస్తుంది. కమాండ్లు టైప్ చేయడం ఇష్టం లేనివాళ్లకు క్యూ స్పెక్ట్రమ్ అనలైజర్ ఉంది. లోపల పని అదే, పైన బటన్లు ఉంటాయి.

ఎఫ్ఎం మీద చెయ్యి తిప్పుకోండి

టీవీ జోలికి వెళ్లేముందు ఒక పూట ఎఫ్ఎం మీద గడపండి. డాంగిల్‌తో వచ్చిన యాంటెనా కిటికీలో పెట్టి 88 నుంచి 108 మధ్య తిరగండి. ఆకాశవాణి దొరికితే చాలు. ఆటోమేటిక్ గెయిన్ తీసేసి, గెయిన్‌ని (సిగ్నల్‌ని పెంచే మోతాదు) సున్నా నుంచి ఒక్కో మెట్టూ పెంచండి. మొదట్లో స్టేషన్ ఒక్కటే లేస్తుంది, అడుగున ఉన్న గరగర గీత కదలదు. ఒక చోటికి వచ్చేసరికి ఆ గీత కూడా లేవడం మొదలవుతుంది. అక్కడ ఆగాలి. ఇంకా పెంచితే లేని చోట్ల కూడా స్టేషన్లు మొలుస్తాయి. అవి దొంగ స్టేషన్లు, లోపల పొంగిపోవడం వల్ల పుట్టినవి. ఈ ఒక్క అలవాటు పడకపోతే మిగతా కొలతలన్నీ గాలికి పోతాయి.

పాత వీడియో గేమ్‌తో అనలాగ్ పాఠం

ఇప్పుడు గాలిలో అనలాగ్ టీవీ మన వైపు దొరకదు. దూరదర్శన్ వ్యూహాత్మక ప్రాంతాల్లో ఓ యాభై ట్రాన్స్‌మిటర్లు ఉంచుకుని మిగతావన్నీ మూసేసే పని 2022 నాటికి పెట్టుకుంది. కానీ అనలాగ్ సిగ్నల్ ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూస్తే తరవాత డిజిటల్ అర్థమవుతుంది. అందుకు అటక మీది పాత టీవీ గేమ్ డబ్బా చాలు. యాంటెనా పిన్నుకి పెట్టుకునే రకం, వెనకాల ఆర్ఎఫ్ అవుట్ ఉండాలి. దాన్ని 20 డెసిబెల్ అటెన్యుయేటర్ మీదుగా డాంగిల్‌కి కలపండి. గాలిలోకి వదలకండి, వైరుతోనే.

నా డబ్బా చానెల్ 4 మీద పంపుతుంది. అంటే బొమ్మ కారియర్ (బొమ్మను మోసుకొచ్చే అల) 62.25 మెగాహెర్ట్జ్, దానికి సరిగ్గా 5.5 పైన, 67.75 దగ్గర శబ్దం. 62.25 దగ్గర నిలువుగా గుంజ పాతినట్టు ఒక గీత కనిపించింది. దగ్గరికి జూమ్ చేస్తే దాని రెండు పక్కలా దువ్వెన పళ్లలా చిన్న గీతలు. రెండు పళ్ల మధ్య దూరం కొలిస్తే 15.6 కిలోహెర్ట్జ్. మన పాల్ (పాత అనలాగ్ పద్ధతి) టీవీ సెకనుకి 15,625 అడ్డగీతలు గీస్తుంది, దువ్వెన పళ్లు అవే. తెర మీద బొమ్మ గీసే చెయ్యి గాలిలో ఇలా కనిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. గేమ్‌లో బొమ్మ మారినప్పుడల్లా పళ్ల ఎత్తులు మారాయి, మధ్య దూరం మాత్రం మారలేదు.

టీవీ షార్ప్ అనే ప్రోగ్రామ్ వేస్తే ఈ డాంగిల్‌తోనే నలుపు తెలుపు బొమ్మ కూడా వస్తుంది, మసకగా. రంగు కారియర్ బొమ్మ కారియర్‌కి 4.43 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, మన సందు 2.4. రంగు సందు బయటే ఉండిపోతుంది.

గాలిలో వెతికితే

ఒడిశాలో డీవీబీ-టీ2 మొదట వచ్చింది కటక్‌కి, 2016లో. పర్లాకిమిడికీ రాయగడకీ కోరాపుట్‌కీ అది అందదు. అయినా 470 నుంచి 960 దాకా ఒకసారి స్కాన్ చేయండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. 758 పైన చదునుగా లేచిన దిబ్బ చూసి "డిజిటల్ టీవీ దొరికింది" అనుకుంటారు. ఒకప్పుడు టీవీకి పెట్టుకున్న ఆ 700 పట్టీ ఇప్పుడు మొబైల్ కంపెనీలది. 758 నుంచి 803 మధ్య కనిపించేవి సెల్ టవర్లు. 869 పైన ఉన్నవీ అవే.

వెడల్పు కొలిస్తే తేడా తెలుస్తుంది. టీవీ దిబ్బ అంచు నుంచి అంచుకి సుమారు 7.6 మెగాహెర్ట్జ్. 4జీ అయితే 4.5 గానీ, 9 గానీ. పైగా టీవీ దిబ్బ రాత్రీ పగలూ ఒకే ఎత్తులో ఉంటుంది, సెల్ దిబ్బ జనం వాడకాన్ని బట్టి మినుకుమినుకుమంటుంది. గంజాం తీరంలో ఉండేవాళ్లు గాలి కదలని తెల్లవారుజామున చూస్తే సముద్రం మీదుగా చాలా దూరపు స్టేషన్లు తేలి వచ్చి, ఎండెక్కగానే మాయమవడం చూడొచ్చు.

కేబుల్: అసలు పని ఇక్కడ

మన ఇళ్లలోకి వచ్చే కేబుల్ డిజిటలే, డీవీబీ-సీ పద్ధతి. చానెల్ పేరుతో మనం చూసేవి పది పన్నెండు కలిపి ఒక మూట కట్టి 8 మెగాహెర్ట్జ్‌లో పంపుతారు.

కలిపే ముందు మల్టీమీటర్ తీయండి. వైరు నడిమి తీగకీ బయటి అల్లికకీ మధ్య డీసీ చూడండి, తరవాత ఏసీ చూడండి. రెండూ సున్నా ఉండాలి. వీధిలోని యాంప్లిఫయర్లకు కేబుల్ లైన్లోనే ఏసీ కరెంటు పంపే పద్ధతి ఉంది. అది ఇంటి వైరులోకి రాకూడదు, కానీ రాకూడనివి రావడం మనకు కొత్త కాదు. స్తంభం మీది డబ్బాల జోలికి మాత్రం పోవద్దు. మన గోడలోని పాయింట్ వరకే మన హద్దు.

సున్నా అని తేలాక 20 డెసిబెల్ అటెన్యుయేటర్ మీదుగా కలపండి. గెయిన్ తక్కువలో పెట్టి, ఆర్‌టీఎల్ పవర్‌కి 47 నుంచి 862 దాకా, 100 కిలోహెర్ట్జ్ మెట్టుతో చెప్పండి. సందు అంచుల్లో కొలత వంకరగా ఉంటుంది కాబట్టి రెండంచుల్లో కొంత కత్తిరించమని చెప్పే ఆప్షన్ వాడండి. వచ్చిన పట్టికను ఎక్సెల్‌లో గ్రాఫ్ వేస్తే వరసగా పేర్చిన పీటల్లాంటి దిబ్బలు కనిపిస్తాయి. ఒక్కో పీట ఒక్కో మూట.

మొదట పీట ఎత్తు చూడండి. పీట పైభాగానికీ, పక్కన ఖాళీ చోటు అడుగుకీ ఎంత తేడా? సిగ్నల్‌లో డేటా నింపే పద్ధతి 64-క్యామ్ అయితే పాతిక డెసిబెల్స్ దాటి ఉండాలి, 256-క్యామ్‌కి ముప్పై పైన. ఇరవై మాత్రమే ఉంటే ఆ మూటలోని చానెళ్లన్నీ గళ్లు కొడతాయి. ఒక చానెల్ చెడితే దాని మూటలోవన్నీ చెడాలి; అలా కాకుండా ఒక్కటే చెడితే లోపం మన వైరులో లేదు, పంపే చోట ఉంది. పీటల వరస ఎడమ నుంచి కుడికి కొంచెం వాలితే తప్పు కాదు, పై ఫ్రీక్వెన్సీలని వైరు ఎక్కువ తింటుంది. బాగా ఏటవాలుగా ఉంటే నీళ్లు దిగిన పిన్నో, మరీ పొడవాటి వైరో.

తరవాత గాట్లు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

మా పక్కింట్లో కొన్ని చానెళ్లే వచ్చేవి కావు. పిన్నులు మార్చారు, బాక్స్ మార్చారు. ఒకరోజు సాయంత్రం లాప్‌టాప్ పట్టుకెళ్లాను. ఆ ఇంటి మామ్మగారు డాంగిల్‌ని చూసి, "ఏటి బాబూ, ఆ పెన్‌డ్రైవులో సినిమాలున్నాయా?" అన్నారు. స్కాన్ వేస్తే పీటల వరసలో ఎవరో కత్తితో కోసినట్టు లోతైన గాట్లు. ఒకటి కాదు, వరసగా, సమాన దూరంలో. రెండు గాట్ల మధ్య దూరం 12.5 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చింది.

సమాన దూరపు గాట్లంటే ఎక్కడో సిగ్నల్ గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌తో తన్నుకుంటోందని అర్థం. పాత టీవీలో నీడ బొమ్మ పడటానికి కారణం కూడా ఇదే. ఎంత దూరం వెళ్లి వస్తోందో లెక్క కట్టొచ్చు. ఆర్‌జీ-6 వైరులో సిగ్నల్ సెకనుకి సుమారు 25 కోట్ల మీటర్లు పోతుంది. దాన్ని గాట్ల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 25 కోట్లను 2 కోట్ల 50 లక్షలతో భాగిస్తే 10 మీటర్లు.

"మామ్మగారూ, ఎక్కడైనా పది మీటర్ల పాత వైరు వేలాడుతోందా?" అని అడిగాను. కొడుకు విశాఖ వెళ్లకముందు పై గదిలో టీవీ ఉండేదట. టీవీ తీసేశారు, వైరు అలాగే ఉంది. కింద స్ప్లిటర్ కూడా లేదు. రెండు వైర్ల నడిమి తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టేశారు. ఆ మెలిక విప్పి, పాత వైరు వదిలేసి, ఒకే వైరుకి పిన్ను వేశాం. మళ్లీ స్కాన్ వేస్తే గాట్లు లేవు. టేపు జిగురు వేళ్లకి రెండు రోజులు వదల్లేదు. రెండో టీవీ కావాలంటే స్ప్లిటర్ పెట్టి, వాడని రంధ్రానికి 75 ఓమ్స్ టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి రాకుండా మింగే మూత) బిగించాలి.

డిష్: మీటర్ పెట్టకుండా ముట్టుకోవద్దు

నా మొదటి డాంగిల్ ఇక్కడే పోయింది. సెట్‌టాప్ బాక్స్ తన ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండి సిగ్నల్ పట్టే డబ్బా) అదే వైరులో 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. నేను వాడిన స్ప్లిటర్ రెండు వైపులా కరెంటు పాస్ చేసే రకం. యాంటెనాకి కరెంటు పంపే సౌకర్యం ఉన్న డాంగిల్ అది. బయటికి పోవడానికి పెట్టిన దారిలోంచే 18 వోల్టులు లోపలికి వచ్చాయి. కాలిన వాసన కూడా సరిగ్గా రాలేదు, డాంగిల్ వేడెక్కి ఊరుకుంది. ఆ తరవాత ఏ కంప్యూటరూ దాన్ని గుర్తుపట్టలేదు.

కాబట్టి వరస ఇదీ: డిష్ వైరు స్ప్లిటర్ ఇన్‌పుట్‌కి. కరెంటు పాస్ అయ్యే వైపు బాక్స్‌కి. రెండో వైపున మీటర్ పెట్టి, బాక్స్ ఆన్‌లో ఉండగానే సున్నా వోల్టులు చూడండి. ఆ తరవాత డీసీ బ్లాక్, తరవాత అటెన్యుయేటర్, చివర డాంగిల్. స్ప్లిటర్ మీద ముద్రించినది నమ్మకండి, మీటర్‌ని నమ్మండి.

ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. పర్లాకిమిడి నుంచి చూస్తే దిక్సూచి మీద సుమారు 153 డిగ్రీలు, అంటే దక్షిణానికి కొంచెం తూర్పుగా. ఎత్తు 65 డిగ్రీల పైచిలుకు. ఉపగ్రహం నుంచి వచ్చేది 11 గిగాహెర్ట్జ్ పైన ఉంటుంది, అది డాంగిల్‌కి అందదు. కానీ ఎల్‌ఎన్‌బీ దాన్ని కిందికి దించి పంపుతుంది. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ కింది పట్టీలో 9750 తీసేస్తుంది. బాక్స్ మెనూలో టీపీ (ట్రాన్స్‌పాండర్) 11090 అని ఉంటే, వైరులో వచ్చేది 1340 మెగాహెర్ట్జ్. 11470 అయితే 1720. మన డాంగిల్ 1766 దగ్గర ఆగిపోతుంది కాబట్టి 11516 దాటినవి ఎంత వెతికినా కనిపించవు. అవి లేవనుకోకండి, మన నిచ్చెన అక్కడికి చాలదు.

బాక్స్‌లో ఆ టీపీ చానెల్ ఒకటి పెట్టి ఉంచండి. ఏ వోల్టు పంపాలో, ఏ పట్టీ ఎంచాలో బాక్సే చూసుకుంటుంది. 1300 నుంచి 1766 దాకా స్కాన్ వేస్తే గుండ్రటి భుజాలతో, 40 మెగాహెర్ట్జ్ దగ్గర వెడల్పున దిబ్బలు వస్తాయి. కేబుల్ పీటలతో పోలిస్తే ఇవి పొట్టివి. కంగారు పడొద్దు, డిష్‌లో వాడే క్యూపీఎస్‌కే పద్ధతికి ఏడెనిమిది డెసిబెల్స్ ఉన్నా బొమ్మ నడుస్తుంది. డిష్ సరిచేసేటప్పుడు ఒక దిబ్బ మధ్యలో డాంగిల్ పెట్టి, పళ్లాన్ని వెంట్రుకవాసి కదుపుతూ ఎత్తు చూడండి. బాక్స్‌లోని క్వాలిటీ గీత మూడు సెకన్లు ఆలస్యంగా చెబుతుంది, ఇది అప్పటికప్పుడే చెబుతుంది.

ఎండలో 1500 పైన డాంగిల్ ఉన్నట్టుండి ఏమీ చూపించకపోతే డిష్‌ని తిట్టకండి. వేడికి ట్యూనర్ ఫ్రీక్వెన్సీ పట్టు వదిలేస్తుంది. తడిగుడ్డ మీద కాదు గానీ, నీడలో ఒక స్టీలు పళ్లెం మీద పెట్టండి, తేరుకుంటుంది.

మేడ మీద వైర్లు, లాప్‌టాప్ పట్టుకుని తిరిగేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఉరుము వినిపిస్తే అన్నీ ఊడదీసి దిగిపోండి. ఇంకోటి, మన కొండ జిల్లాల్లో వైర్‌లెస్ సామాను కనబడితే పోలీసులు అడుగుతారు, అడగడం వాళ్ల పని. మీ ఇంటి మేడ దాటి ఊరవతల గుట్టలెక్కకండి, అందరి కోసం ప్రసారమయ్యేవి తప్ప ఇంకెవరి మాటలూ వినకండి, డబ్బు కట్టని చానెళ్ల తాళాలు తీసే ప్రయత్నం చేయకండి.

ప్రతి స్కాన్ ఫైలుకీ తేదీ, టైము, గెయిన్, ఎంత అటెన్యుయేటర్ పెట్టారో పేరులోనే రాయండి. గెయిన్ మార్చేస్తే పాత దానితో పోల్చడానికి ఉండదు. అంతా బాగున్న రోజున ఒకటి తీసి దాచండి. మొన్న ఆషాఢంలో మా కేబుల్ మళ్లీ పోయినప్పుడు ఆ పాత గ్రాఫ్ మీద కొత్తది వేసి చూపిస్తే, 600 పైనంతా పది డెసిబెల్స్ కిందికి జారి ఉంది. కేబుల్ కుర్రాడు ఇంట్లో పిన్ను కోయలేదు. నిచ్చెన వేసుకుని నేరుగా సన్‌షేడ్ కింద ఉన్న అతుకు దగ్గరికి వెళ్లి, దాన్ని విప్పి తలకిందులు చేశాడు. అందులోంచి నీళ్లు కారాయి.